ఇరవయ్యేడు అరల బీరువా

భీమవరంలో చేపల మేత అమ్మేవారు అనేకులున్నారు. కంప్యూటర్‌లో ఆటలాడేవారూ ఉన్నారు. అయితే తాను కొన్న ప్రతి ఆటకూ జన్మనక్షత్రం నిర్ణయించి, నక్షత్రానికొక అర చొప్పున ఇరవయ్యేడు అరలతో టేకు బీరువా చేయించి, సీలు విప్పకుండా ఆ ఆటలను అందులో ప్రతిష్ఠించి, నాలుగేళ్లపాటు దుమ్ము దులుపుతూ సేవించిన పుణ్యపురుషుడు మాత్రం నాకు తెలిసి దుర్గాప్రసాదరాజుగారు ఒక్కరే.

ఆయనకు అప్పటికి నలభై అయిదేళ్లు. ఊరికి ఉత్తరాన పన్నెండెకరాల చెరువులు, ఇంటి వెనుక పొడుగాటి గదిలో మేత బస్తాల వ్యాపారం. పేకముక్క ముట్టరు. కోడిపందేల బరి దరిదాపులకు పోరు. మద్యం వాసన తగిలితే ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. ఏ వ్యసనమూ లేని మనిషి అని బంధువర్గంలో గొప్ప పేరు. వ్యసనం లేదని పేరుపడినవారికి పట్టే వ్యసనం బహు చిత్రమైనది. దానికి లోకం ఇంకా పేరు పెట్టి ఉండదు గనుక, నిందించడానికి ఎవరికీ మాట దొరకదు.

కొత్త శతాబ్దం మొదలైన ఏడాది మేత వ్యాపారం కోసమని రాజుగారు రాజమండ్రి వెళ్లి జానకిరామ్ అనే ఆసామి కొట్లో కంప్యూటర్ కొన్నారు. యంత్రంతోపాటు ఒక ఆటను ఊరికే ఇచ్చాడు జానకిరామ్. అది చేపలు పట్టే ఆట. పన్నెండెకరాల్లో సజీవమైన చేపలు గల ఆ పెద్దమనిషి, వీధిగదిలో తలుపు వేసుకుని, లేని చెరువులో లేని గాలం వేసి, లేని చేపలను పదకొండు రోజులు పట్టారు. పన్నెండవనాడు ఆట ముగిసింది. ఆ ఉదయమే ఉత్తరపు చెరువులో గాలి చాలక నిజమైన చేపలు తెల్లగా వెల్లకిలా తేలాయి.

వివేకి అయినవాడు దీని నుండి గ్రహించవలసిన నీతి ఒకటున్నది. రాజుగారు వేరొకటి గ్రహించారు. పంచాంగం తిరగేసి చూడగా, ఆట మొదలుపెట్టిన ఘడియ ఆయన నక్షత్రానికి పడనిదని తేలింది. కనుక ఆటది తప్పు కాదు, చెరువు గట్టు తొక్కకుండా కూర్చున్న మనిషిది అంతకన్నా కాదు. తప్పంతా వేళది.

అది మొదలు ముహూర్తం చూడనిదే ఏ ఆటా విప్పరాదని ఆయన నియమం పెట్టుకున్నారు. శిశువుకు పేరులోని తొలి అక్షరాన్ని బట్టి నక్షత్రం చెప్పే ఆచారం మన పెద్దలు ఏర్పరచినదే. దానిని ప్లాస్టిక్ డబ్బాలకు వర్తింపజేసిన తొలి ద్రష్ట రాజుగారు. ఆయన నామనక్షత్రం ఉత్తరాభాద్ర. అక్కడినుంచి తొమ్మిదేసి చొప్పున లెక్కించగా ఆట నక్షత్రం రెండవదో నాలుగవదో ఆరవదో అయితే మంచిది, ఏడవది అయితే నైధన తార, అనగా నాశహేతువు. ‘కా’ అక్షరంతో మొదలయ్యే కార్ల పందేలన్నీ మృగశిరలో పడ్డాయి. మృగశిర ఏడవది. ఆ అరలోని పంతొమ్మిది కార్లకూ ఆజన్మాంతం షెడ్డే గతి.

ఇక కొనుగోలు. ఆషాఢమాసంలో పెళ్లిళ్లు ఉండవు గనుక బట్టల కొట్లవారు చీరలు తగ్గింపు ధరకు ఇవ్వడం గోదావరికి రెండు గట్లవారూ ఎరిగినదే. జానకిరామ్ ఆ సంప్రదాయాన్ని ఆటలకూ విస్తరింపజేశాడు. ఏటా ఆషాఢంలో రాజుగారు నిడదవోలు మీదుగా పాసింజరు బండిలో రాజమండ్రి వెళ్లేవారు.

"రండి రాజుగారూ, రండి. మీకోసమే తీసి పక్కన పెట్టానండి," అనేవాడు జానకిరామ్.

"ఇదేంటండి?"

"రాజ్యాలు కట్టుకునే ఆటండి. ఒరిజినల్. తొమ్మిదివందల తొంభైతొమ్మిది రూపాయలదండి. ఆషాఢం కదాని నూట తొంభైతొమ్మిదికి ఇచ్చేస్తన్నానండి."

"రాజ్యం కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందండి?"

"మీ ఓపికండి. కొందరు ఆర్నెల్లు కడతారంటండి."

"అయితే రెండివ్వండి."

"రెండెందుకండి? రెండూ ఒకటే ఆట కదండి."

"ఒకటి పాడైతేనో?"

జానకిరామ్ ఆయన వంక దేవుణ్ణి చూసినట్టు చూశాడు. సంచి నిండేదాకా ఆ చూపు చెదరలేదు.

కొనడానికి ఏ దోషమూ ఎన్నడూ అడ్డు రాలేదు. ఆడడానికే ఏ ఘడియా కుదరలేదు. ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో చెరువుల పని. భాద్రపదం రెండవ సగం పితృపక్షం. కార్తికంలో ఉపవాసాలు, ధనుర్మాసంలో శుభారంభాలు కూడవు, వేసవిలో మూఢం. ఇవన్నీ దాటి ఒక్క నిర్మలమైన దినం దొరికితే, ఆనాటి నక్షత్రానికీ విప్పదలచిన ఆటకూ పొసగేది కాదు. నాలుగేళ్లలో బీరువా నిండింది. బీరువా పైన, కింద, పక్కన అట్టపెట్టెలు లేచాయి. వీధిగదిలో మనిషి అడ్డంగా నడవవలసి వచ్చింది. విప్పనిది ఏదని అడిగితే చెప్పడం తేలిక. ఊరికే వచ్చిన ఆ చేపల ఆట తప్ప అన్నీ.

ఆ వీధిగదినే ఆయన భార్య సూర్యావతిగారు అడిగింది.

పెళ్లికి ముందు ఆమె రాజమండ్రిలో సంగీతం నేర్చి గాత్రంలో డిప్లొమా పుచ్చుకున్నది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తంబురా పద్దెనిమిదేళ్లుగా గుడ్డ సంచిలో, మేత గదిలో దూలానికి వేలాడుతున్నది. ఆ జ్యేష్ఠమాసంలో ఎదురింటి నాగవల్లి వచ్చి అరుగు మీద కూర్చున్నది.

"పిన్నిగారూ, ఏడుగురు ఆడపిల్లల తల్లులం మాట్లాడుకునే వచ్చానండి. మా పిల్లలకి మీరే పాట చెప్పాలండి."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?"

"వంట చేస్తూ మీరు పాడుకుంటుంటే మా ఇంట్లోకి వినపడుద్దండి. కానీ మాట ఇప్పుడే చెప్పెయ్యాలండి. పక్కవీధిలోకి పాలకొల్లు నుంచి టీచరుగారు వస్తున్నారంట. విజయదశమికి మొదలెడతారంట. ఒకసారి అక్కడ చేర్చామంటే మధ్యలో తియ్యలేమండి, బాగోదు."

సంగీతానికి గురువు ఒక్కసారే కుదరాలి. విజయదశమి తప్పితే ఆ ఏడుగురూ పక్కవీధికి పోతారు. వారితోపాటే తంబురా మరల దూలానికి పోతుంది. ఈ సంగతి సూర్యావతిగారికి విశదంగా తెలుసు. ఇంట్లో వీధివైపు తలుపున్న గది అదొక్కటే. వెనుక గదిలో మేత వాసనకు పెద్దవాళ్లే నిలవలేరు. ఆ మధ్యాహ్నం పులుసు వడ్డిస్తూ ఆమె అడిగింది.

"ఏవండీ, వీధిగది నాక్కావాలండి."

"ఎందుకు?"

"పిల్లలకి పాట చెప్పడానికి."

"అందులో నా ఆటలున్నాయి కదా."

"ఆడేసెయ్యండి. ఖాళీ అవుద్ది."

ఇంత సుగమమైన మార్గం రాజుగారికి నాలుగేళ్లలో తోచలేదు. ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించి, అన్నం ముందు కూర్చుని మాట ఇచ్చారు. "విజయదశమిలోగా అన్నీ ఆడి అటకెక్కిస్తాను. ఆ రోజుకి గది నీది."

జ్యేష్ఠంలో మిగిలిన రోజులు ఏ ఆటతో ప్రారంభించాలనే విచారణకు సరిపోయాయి. ఆషాఢం వచ్చింది. ఆయన రాజమండ్రి వెళ్లి ముప్పై ఒక్క డబ్బాలతో తిరిగి వచ్చారు.

"ఆడతానన్నారు. కొనుక్కొచ్చారేంటండీ?" అన్నది సూర్యావతిగారు.

"ఆషాఢంలో ఏదీ మొదలుపెట్టకూడదు సూర్యావతీ. తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే దోషం లేదు."

"ఎక్కడుందండీ ఆ మాట?"

"పంచాంగంలో ఉంది. నీకు తెలీదులే."

ఆమె మరునాడు దేవుడి గదిలో మేకుకు వేలాడే పంచాంగాన్ని దించి, పప్పు ఉడుకుతుండగా పొయ్యి పక్కన పీట వేసుకుని మొదటి పుట నుండి చదవడం ఆరంభించింది. రాజుగారు చూసి సంతోషించారు. ఇల్లాలికి శాస్త్రంపై శ్రద్ధ కలగడం గృహానికి శుభమని కూడా అన్నారు. ఎవరికి శుభమో ఆయన విచారించలేదు.

ఆ ఏడు శ్రావణం అధికమాసం. అధికమాసంలో శుభకార్యాలు అసలే ఉండవు. జానకిరామ్ ఫోను చేసి, "అధికమాసం కదండి, తగ్గింపు కూడా అధికమేనండి," అన్నాడు. రాజుగారు బండెక్కారు. నిజ శ్రావణంలో ఈదురుగాలులు, చెరువుల పని. భాద్రపదంలో చవితి, ఆపై పితృపక్షం. పితృపక్షం నాలుగవనాడు ఆయన లెక్కపెట్టగా విప్పని ఆటలు రెండువందల ముప్పైఒకటి తేలాయి. ఇచ్చిన మాట అప్పుడు గుర్తుకు వచ్చింది. దానిని నిలబెట్టుకునే ఉపాయం కూడా వెంటనే తట్టింది.

"సూర్యావతీ, విజయదశమికి వేరే ముహూర్తం అక్కర్లేదు. ఆ రోజు పిల్లాడు పలక మీద రెండక్షరాలు దిద్దితే చదువు మొదలైనట్టే కదా. అలాగే నా ఆటలన్నీ ఆ రోజే మొదలుపెట్టేస్తాను. ఒక్కోటీ పెట్టడం, బొమ్మ కనపడగానే తీసెయ్యడం. మొదలైపోయిన ఆటకి ఇంక ముహూర్తంతో పన్లేదు. ఎప్పుడైనా ఆడుకోవచ్చు."

"మరి నా గదండీ?"

"ఆ ఒక్కరోజు ఆగు."

"ఆ ఒక్కరోజేనండీ నాక్కావాల్సింది."

"వచ్చే ఏడు విజయదశమి రాదా?"

ప్రపంచంలో దీనికన్న సులువైన వాక్యం లేదు. పద్దెనిమిదేళ్ల క్రితం తంబురాను దూలానికి తగిలించినప్పుడు కూడా ఇదే వాక్యం వినిపించింది. సూర్యావతిగారు కంచాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నవరాత్రులు వచ్చాయి. అష్టమినాడు ఆమె మామూలుగా అడిగినట్టే అడిగింది. "రేపు ఆయుధపూజ కదండీ. కాటా, వలలు, చెరువు మోటార్లు వెనకగదిలో పెడుతున్నాం. మీ ఆటలు పెట్టరా?"

"ఆటలా?"

"పనిముట్లన్నీ పూజలో ఉండాలి కదండీ. మీ పనిముట్లు అవేగా."

మాటలోని ముల్లు ఆయనకు తగలలేదు. కన్నులు చెమర్చాయి. తన సాధనను ఇంట్లో ఒక్కరైనా గుర్తించారని ఆయన అనుకున్నారు. నవమి ఉదయం పనిమనిషి వీరమ్మ గంపకెత్తి మోయసాగింది. అయిదవ గంప దగ్గర ఆగి నడుం పట్టుకున్నది.

"ఇయ్యన్నీ ఏంటండి అమ్మగారూ?"

"అయ్యగారి ఆటలు."

"ఎవరాడతారండి?"

"ఆడేవాళ్లు ఇంకా పుట్టలేదు. నువ్వు మొయ్యి."

పద్నాలుగు గంపలైనాయి. కంప్యూటర్ కూడా పనిముట్టే గనుక అదీ వెళ్లింది. తవుడు బస్తాలకూ వేరుశనగ చెక్క బస్తాలకూ నడుమ, వలల పక్కన, రెండువందల ముప్పైఒక్క డబ్బాలు పసుపు కుంకుమ బొట్లతో వరుసతీరి కూర్చున్నాయి. రాజుగారు హారతి ఇచ్చారు. జరగవలసినంత జరిగింది. ఆ ఆటలు అంతకు ముందూ అంతకు తరువాతా అంత వెలుగు చూడలేదు.

హారతి పళ్లెంతో ముందుకు వచ్చిన ఆయన వీధిగది గుమ్మంలో నిలిచిపోయారు. గది కడిగి ఉన్నది. నేల మీద ముగ్గు. ఈశాన్యాన బియ్యం పోసి కలశం. కలశం పక్కన గుడ్డసంచి విడిచిన తంబురా.

"ఇక్కడ కలశం పెట్టావేంటి?"

"ఖాళీగా ఉందిగా అండీ."

"రేపు నేను మొదలుపెట్టాలి కదా."

"కంప్యూటర్ అక్కడే ఉందిగా. అక్కడే మొదలెట్టుకోండి. పెట్టిన కలశం ఎలా కదుపుతామండీ?"

కలశం కదపరాదని ఆయనకూ తెలుసు. పైగా ఒక పూట పనికి ఏ గదైనా ఒకటే. పళ్లెంతో వెనక్కి మళ్లారు.

విజయదశమి ఉదయం శ్రవణా నక్షత్రం. ఉత్తరాభాద్రకు అది అనుకూలం. అయితే పన్నెండు గంటలకు శ్రవణం వెళ్లి ధనిష్ఠ ప్రవేశిస్తుంది. ఈలోగా రెండువందల ముప్పైఒక్కటీ మొదలు కావాలి. ఎనిమిదింటికి రాజుగారు పట్టు పంచె కట్టి మేత గదిలో పీట వేసుకుని, రాజ్యాలు కట్టే ఆటను కళ్లకద్దుకుని, దాని సీలును అడకత్తెరతో కోశారు. సీడీ లోపలికి వెళ్లింది. బొమ్మ రాలేదు. ముందుగా ఆటను యంత్రంలోకి ఎక్కించాలని తెర మీద అక్షరాలు చెప్పాయి. నాలుగేళ్లలో ఈ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. డబ్బా వెనుక రాసి ఉన్నది గాని, డబ్బాను ఆయన తొలి అక్షరం వరకే చదివేవారు.

తెర మీద పచ్చని గీత ఒకటి తాబేలులా కదిలింది. పది శాతం. పంతొమ్మిది. ముందరి గదిలో పిల్లలు వచ్చిన చప్పుడు. ముప్పైనాలుగు. నాగవల్లి గొంతు, పళ్ల పళ్లెం కింద పెట్టిన శబ్దం. అరవై రెండు శాతం వద్ద ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

వీధి చివర దసరా పందిట్లో దీపాలకు తీగ కలపబోయిన వారెవరో వీధి మొత్తానికి కరెంటు పోగొట్టారు. రాజుగారు చీకటి గదిలో, తవుడు వాసనలో, చేతిలో అడకత్తెరతో కూర్చున్నారు. వీరమ్మ రెండవ గంప పట్టుకుని ఎదుట నిలబడ్డది.

"కరెంటు ఎప్పుడొస్తుందే?"

"తీగ కలిపినోడే స్తంభం ఎక్కాడండి. దిగటానికి భయపడతన్నాడంట."

అప్పుడు ముందరి గదిలో తంబురా మోగింది. పద్దెనిమిదేళ్ల తరువాత మీటిన తంత్రి కొంత బొంగురుగా పలికి, సర్దుకున్నది. ఆపై ఆమె గొంతు, దాని వెంట ఏడు గొంతులు, సరళి స్వరాలు. అటువైపు ఏదీ అరవై రెండు శాతం దగ్గర ఆగలేదు. పాటకు కరెంటుతో పనిలేదు.

పన్నెండుంపావుకు ఫ్యాను తిరిగింది. పిల్లలు వెళ్లిపోయారు. రాజుగారు ఒక గంపను తామే నెత్తికెత్తుకుని వీధిగది గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటండీ అవి?" తంబురాకు గుడ్డ కప్పుతూ అడిగింది సూర్యావతిగారు.

"వెనక మేత వాసన. అట్టలు పాడైపోతాయి. దేని అరలో దాన్ని సర్దేస్తాను. ఓ మూల నువ్వూ చెప్పుకుందువు గాని."

"పన్నెండు దాటిందండీ."

"అయితే?"

"ధనిష్ఠ వచ్చేసింది. ఉత్తరాభాద్ర నుంచి లెక్కపెట్టండి."

ఆయన గంపను ఒక చేత్తో పట్టుకుని రెండవ చేతి వేళ్లపై లెక్కించారు. ఇరవై అయిదు. తొమ్మిదులు తీసివేశారు.

"ఏడు," అన్నారు నెమ్మదిగా.

"నైధన తారలో పని మొదలెడితే ఏమవుద్దో మీరే చెప్పారండీ. చేపలు తేలిన ఏడాది."

గుమ్మం ఇవతల పెడతానన్నారు ఆయన. ఎత్తినచోటనే దించాలని ఆమె పంచాంగం పుట చూపించింది. ఆయన చదివారు. ఉన్నది. గంప తిరిగి వెళ్లింది.

మంగళవారం ప్రయత్నిస్తే ఉత్తరానికి వారశూల అన్నది. మేత గది నుంచి వీధిగది ఉత్తరమే. పౌర్ణమి వెళ్లాక చంద్రబలం లేదన్నది. ఒకనాడు అన్నీ కుదిరి ఆయన గంప ఎత్తగా, సరిగ్గా దుర్ముహూర్తం ప్రవేశించింది. ఆమె చెప్పిన ప్రతి మాటా పుటలో ఉన్నదే. ఒక్కటీ కల్పితం కాదు. శాస్త్రం ధర్మకార్యం నిర్విఘ్నంగా సాగేందుకు ఏర్పడినది. చేయదలచని పనికి దానిని అడ్డుగోడగా నిలుపుకున్నవాడు, ఆ గోడకు అవతల పక్క కూడా ఉంటుందని తెలుసుకోవలసి వస్తుంది. రాజుగారు తెలుసుకున్నారో లేదో నేను చెప్పలేను. మొహంలో మాత్రం విచారం కనిపించలేదు. చెరువుకు వెళ్లేముందు రోజూ మేత గది గుమ్మంలో నిలబడి ఆ డబ్బాల వంక తృప్తిగా చూసేవారు.

కార్తికానికి పిల్లలు పదిహేనుమంది అయ్యారు. పక్కవీధి టీచరుగారి వద్ద చేరవలసినవారు నలుగురు ఇటే వచ్చారు. ఖాళీగా ఉన్న ఇరవయ్యేడు అరల బీరువాలో ఒక్కొక్క పిల్లకూ ఒక్కొక్క అర ఇచ్చి, పాటల నోటుపుస్తకాలు పెట్టించింది సూర్యావతిగారు. ఎవరి జన్మనక్షత్రం అర వారిదే. మృగశిరలో పుట్టిన నాగవల్లి కూతురు కార్ల షెడ్డు పుచ్చుకున్నది. పిల్లల్లో అందరికన్న శ్రుతి శుద్ధం ఆ పిల్లదే.

దీపావళికి జానకిరామ్ ఫోను చేశాడు. "దసరాకి మొదలెట్టేశారా అండి?"

"ఒకటి మొదలైందండి. అరవై రెండు దాకా వచ్చింది."

"ఆయ్, శుభమండి. దీపావళి తగ్గింపు ఉందండి మరి."

రాజుగారు పదకొండు తెచ్చారు. వాటిని వెనుక గదిలో, బొట్లు ఎండిపోయిన పాతవాటి మీద పేర్చారు. మర్నాడు ఆయన దేవుడి గదిలో ఉండగా చీపురుతో వచ్చిన వీరమ్మ, దసరా వెళ్లింది మొదలు చెప్పాలనుకుంటున్నది చెప్పింది.

"అయ్యగారూ, ఒక మాటడగనాండి?"

"అడుగు."

"దసరాల్లో పూజలో పెట్టారు కదండి. ఊళ్లో బొమ్మలన్నీ కాలవలో కలిపేసి ఇరవై రోజులు దాటిపోయింది. మనం నిమజ్జనం ఎప్పుడు చేత్తామండి?"

రాజుగారు గోడకు తగిలించిన పంచాంగం కోసం చెయ్యి చాచారు. మేకు ఖాళీగా ఉన్నది. పంచాంగం ముందరి గదిలో, తంబురా పక్కన ఉన్నది.

"దానికీ మంచిరోజు చూడాలి వీరమ్మా," అన్నారాయన. "అమ్మగారిని అడిగి చెబుతాను."